కిడ్నీ మాట వేరు, పెళ్ళి మాట వేరు: ఒక డయాలసిస్ కేసు

డయాలసిస్ యూనిట్లలో కౌన్సెలింగ్ చేసేవాళ్ళకి "మాట వినని పేషెంట్" అనే రిఫరల్ కొత్త కాదు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నారు, సెషన్లు ఎగ్గొడుతున్నారు, కాస్త నచ్చచెప్పండి అని రాసి పంపుతారు. ఈ కేసు కూడా అలాగే వచ్చింది. ఇంత వివరంగా రాయడం ఎందుకంటే, ఆ రిఫరల్ చీటీ కింద ఉన్న అసలు సంగతి ప్రేమ, పదమూడేళ్ళ స్నేహం జబ్బు ముందు నిలబడి ప్రేమగా మారుతున్న సమయంలో ఒక కిడ్నీ వచ్చి మధ్యలో అడ్డం పడింది. జబ్బు మనిషి దగ్గర ప్రేమ గురించి మాట్లాడటం మన పని కాదని యూనిట్లో అందరం అనుకుంటాం. ఈ కేసులో అది మాట్లాడకపోతే మిగతా వైద్యమేదీ పనిచేసేది కాదు.

ఇద్దరూ చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. పేర్లు, ఊళ్ళు, కాలేజీ తీసేశాను, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆమె, అతను అనే రాస్తాను. ఉద్దానం అన్న పేరు మాత్రం ఉంచాను, అది లేకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది, పైగా అక్కడ డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఒకరా ఇద్దరా.

నేపథ్యం

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్ళు. చూడటానికి కోనసీమలా పచ్చగా ఉంటుంది. షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా అక్కడ దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్ళన్నారు, నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా పని చేయడం అన్నారు, ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. నొప్పి ఉండదు, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చూపించుకుంటే తప్ప తెలియదు, తెలిసేసరికి చాలామందికి డయాలసిస్ దగ్గరకొచ్చేస్తుంది. అక్కడి పిల్ల అన్నా పిల్లాడన్నా సంబంధాలు చూసేవాళ్ళు వెనకాడతారు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆమెకి ముప్ఫై రెండేళ్ళు, జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్తుంది. అతను అదే కాలేజీలో ఫిజిక్స్. డిగ్రీ నుంచీ స్నేహం. ఊళ్ళు పక్కపక్కనే, కులాలు వేరు. ఏటా ఎంసెట్‌కి (ఇప్పుడు ఈఏపీసెట్) మోడల్ పేపర్లు ఇద్దరూ కలిసి తయారుచేస్తారు, అతని లెక్కలో ఆమె తప్పు పడుతుంది, ఆమె భాషలో అతను తప్పు పడతాడు, స్టాఫ్ రూములో వీళ్ళ గొడవ విని పిల్లలు కిటికీ దగ్గర మూగుతారట. ఆమెకి రెండు సంబంధాలు తప్పిపోయాయి. అతను ఏ సంబంధమొచ్చినా ఏదో వంక పెట్టేవాడు. ఇద్దరి మధ్యా "అలాంటిదేం లేదు" అని అందరికీ చెప్పేవాళ్ళు, అబద్ధమని నేననుకోను, అప్పటికి వాళ్ళకి తెలిసిన నిజం అదే.

కాళ్ళ వాపులు, వాంతులు మొదలయ్యాక పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 9 దాటింది. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే డయాలసిస్ సూదులు పెట్టడానికి వీలుగా ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలపడం. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది కాబట్టి డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, డయాలసిస్ పేషెంట్లకిచ్చే 10,000 రూపాయల పింఛనూ వస్తోంది. కాలేజీ వాళ్ళు సగం క్లాసులకి ఒప్పుకున్నారు. అంటే కాగితం మీద చూస్తే, మా యూనిట్లో చాలామంది కంటే ఆమె పరిస్థితి నయం.

మా దగ్గరికి ఎందుకు పంపారు

మొదటి ఆరు నెలలూ ఆమె యూనిట్లో అందరికీ ఆదర్శం. నీళ్ళు, టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకి లీటరు లోపే, గీతలు గీసిన సీసాతో కొలుచుకుని. తర్వాత ఉన్నట్టుండి సెషన్‌కీ సెషన్‌కీ మధ్య ఒంట్లో నీరు చేరి బరువు నాలుగు, నాలుగున్నర కిలోలు పెరగడం మొదలైంది. ఒక సోమవారం అసలు రాలేదు. ఆదివారం యూనిట్‌కి సెలవు కాబట్టి శుక్రవారం తర్వాత వచ్చే ఖాళీ మామూలుగానే పొడుగు, దాని మీద సోమవారం కూడా ఎగ్గొడితే గుండెకి ప్రమాదం. బుధవారం వచ్చేసరికి ఆయాసం, రక్తంలో పొటాషియం 6.8, అంత ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. అడిగితే ఊరెళ్ళి కొబ్బరిబొండాం కొట్టించుకుని తాగానంది. మ్యాథ్స్ లెక్చరర్‌కి కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉంటుందని తెలియదా? ఆరు నెలలుగా పక్క బెడ్డు వాళ్ళకి ఆ పాఠం చెప్పింది ఆమే.

ఇలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: చనిపోవాలనుకుంటోందా? డయాలసిస్ మానేయడం కొందరికి ఎవరూ వేలెత్తి చూపని ఆత్మహత్య. చుట్టూ తిప్పి అడిగితే చుట్టూ తిప్పే జవాబొస్తుంది, అందుకే సూటిగా అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించి అన్న మాట ఇది:

"చావాలని కాదు మేడమ్. వాడు విసిగిపోవాలని."

మాట తేలికగా ఉందని రిస్కు తేలిక అనుకోకూడదు. 6.8 పొటాషియం ఉద్దేశం ఏమిటో చూసి ఆగదు. డాక్టర్‌తో మాట్లాడి కొన్నాళ్ళు ప్రతి సెషన్‌కీ ముందు పొటాషియం చూసేలా, సెషన్‌కి రాకపోతే గంటలోపు ఇంటికి ఫోన్ వెళ్ళేలా ఏర్పాటు చేసి, ఆ తర్వాతే "వాడు" దగ్గరకొచ్చాం.

మెల్లగా తెలిసింది ఏమిటంటే, కిందటి నెలలో అతను ఆమెకి కిడ్నీ ఇస్తానన్నాడు. ఆమె తల్లికి షుగరు ఉంది, క్రియాటినిన్ కూడా ఎక్కువే, తల్లి ఇవ్వడానికి లేదు. అన్నయ్యకి బీపీ మందులు నడుస్తున్నాయి, అదీ కుదరలేదు. అప్పుడు ఇతను ముందుకొచ్చాడు. బంధువుల్లో ఒకాయన సలహా ఇచ్చాడు: స్నేహితుడు ఇస్తే కమిటీలు, విచారణలు, అదే భర్త ఇస్తే దగ్గరి బంధువు కింద లెక్క, రిజిస్టర్ పెళ్ళి చేసేసుకోండి, పనైపోతుంది. అతను ఆ మాటనే తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాడు. డయాలసిస్ అయి, సూది తీసిన చోట దూది నొక్కి పట్టుకుని కూర్చుని ఉన్నప్పుడు, బస్ టైమ్ చెప్పినట్టు చెప్పాడట: "పెళ్ళి చేసేసుకుంటే కిడ్నీ ఇవ్వడం ఈజీ అయిపోతుంది. ఏమంటావు?"

ఆ తర్వాతి వారం నుంచే ఆమె బరువు పెరగడం మొదలైంది.

చట్టం గురించి రెండు మాటలు

పేషెంట్లే కాదు, స్టాఫ్ కూడా ఇక్కడ తికమక పడతారు. మన అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది, 2011లో సవరించారు, 2014లో కొత్త నిబంధనలు వచ్చాయి. అమ్మ, నాన్న, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, అమ్మమ్మలు తాతయ్యలు, మనవలు దగ్గరి బంధువులు. వాళ్ళు కానివాళ్ళు ఇవ్వకూడదని చట్టంలో లేదు. ఆప్యాయత వల్లో అనుబంధం వల్లో ఇవ్వచ్చు, కాకపోతే అనుమతి కమిటీ ముందు అది నిజమైన అనుబంధమనీ డబ్బు చేతులు మారలేదనీ చూపించాలి. అవయవం అమ్మినా కొన్నా ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. అంత కఠినంగా ఉంది కాబట్టే, ఆపరేషన్‌కి ముందు హడావుడిగా జరిగిన పెళ్ళిని కూడా అనుమానంగానే చూస్తారు. పదమూడేళ్ళ స్నేహానికి ఫొటోలు, సాక్ష్యాలు, ఒకే చోట ఉద్యోగం అన్నీ ఉన్న వీళ్ళకి స్నేహితులుగానే కమిటీ ముందుకెళ్ళే దారి తెరిచే ఉంది. అంటే కిడ్నీ కోసం పెళ్ళి అవసరమే లేదు. ఈ ఒక్క సమాచారం తర్వాత చాలా పని చేసింది.

చేసి చూసినవి

ముందు డైటీషియన్‌తో మళ్ళీ కూర్చోబెట్టాం. కూరగాయలు తరిగి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి వంపేయడం, దాహమేస్తే చిన్న ఐసు ముక్క చప్పరించడం, ఊరగాయ మానేయడం. రెండు వారాలు బాగుంది, మూడో వారం మళ్ళీ మొదటికే వచ్చింది. తెలియక చేస్తున్న తప్పు అయితే చెప్తే పోతుంది, ఆమెకి తెలియనిదేమీ లేదు. అయినా ఈ మెట్టు వదలకూడదు, ఎందుకంటే ఇది ఫలించలేదని తేలాకే టీమ్ అంతా ఇది డైట్ సమస్య కాదని ఒప్పుకుంది.

తర్వాత ఇంటివాళ్ళని పిలిచాం. వాళ్ళమ్మ, అన్నయ్య, అతను. నా ఆలోచన ఏమిటంటే, భారం అంతా ఒకరి మీదే ఉన్నట్టుంది, పంచుకుంటే ఆమెకి ఊపిరాడుతుందని. ఆ గంటంతా కిడ్నీ చుట్టూనే తిరిగింది. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని "నా ఒంట్లోది ఏదీ నా పిల్లకి పనికిరాదేటి బాబూ" అని ఏడ్చింది. అన్నయ్య తలదించుకున్నాడు. అతను నేనిస్తానుగా, అయిపోయిందిగా అన్నాడు. అన్నయ్యకి అది అవమానంగా తగిలింది, నువ్వెవరివి మా పిల్లకి ఇవ్వడానికి అన్నాడు. ఎవరు ఇస్తారు, ఎవరు ఇవ్వలేరు అన్న వాదనలో ఆమె ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు, నేను అడిగితే తల ఊపి ఊరుకుంది. ఆ వారం బరువు మళ్ళీ నాలుగు కిలోలు.

ఆపైన ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాం. అదీ నడవలేదు, కానీ ఎలా నడవలేదన్నది చూడాల్సిన సంగతి. ఇద్దరూ చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు. ఆమె ఏదంటే అతను అదే సరి అన్నాడు. ఏసీ ఎక్కువైందా అని అడిగాడు, తలకింద దిండు సర్దాడు. ఆమె రెండుసార్లు థాంక్స్ చెప్పింది. స్టాఫ్ రూము దద్దరిల్లేలా పోట్లాడుకునే మనుషులని విన్నాను, నా గదిలో కూర్చున్నది అటెండరూ పేషెంటూ. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఆమే అంది, "వాడు నాతో గొడవపడటం మానేశాడు మేడమ్. నేను పోయినదాని కింద లెక్క."

నా దృష్టిలో కేసు తిరిగింది ఈ మాట దగ్గరే. అప్పటిదాకా మేం ఆమె సమస్యని భయం అనుకున్నాం, భారం అనుకున్నాం. అసలు ఆమె పోగొట్టుకున్నది సమానత్వం. బండి మీద తెచ్చేది అతను, మందులు కొనేది అతను, నీళ్ళ సీసా మీద గీతలు గీసింది అతను, ఇప్పుడు కిడ్నీ, దాంతోపాటు పెళ్ళి కూడా అతనే దానంగా ఇస్తానంటున్నాడు. తీసుకోవడం తప్ప ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. అంత రుణం మీద ఉన్న మనిషి "అవును" అంటే ఆ అవునుకి విలువేముంది? ప్రేమించినా సరే, ఆ ప్రేమ తనకే నిజమనిపించదు. కాదనే హక్కు లేదు కాబట్టి, ఒంటితో కాదంటోంది.

ఏది కలిసొచ్చింది

మొదటి నిర్ణయం, కిడ్నీ మాటని కొంతకాలం పూర్తిగా పక్కన పెట్టడం. నెఫ్రాలజిస్ట్‌ని (కిడ్నీ డాక్టర్‌ని) ఒప్పించడానికి టైమ్ పట్టింది, ఆయన వాదన సబబే, ఎంత తొందరగా మార్పిడి జరిగితే అంత మంచిది. నేను చెప్పిందల్లా, ఈ లెక్కన సెషన్లు మానేస్తే మార్పిడి దాకా ఆమె బతకడం కష్టం అని. మధ్యేమార్గంగా జీవన్‌దాన్‌లో ఆమె పేరు నమోదు చేయించాం, అంటే బ్రెయిన్ డెడ్ అయినవాళ్ళ అవయవాల కోసం వెయిటింగ్ లిస్టు. దాంతో అతని కిడ్నీ ఒక్కటే దారి అన్న ఒత్తిడి కొంత తగ్గింది. ఆ లిస్టులో ఎంతకాలం ఎదురుచూడాలో ఎవరూ చెప్పలేరని కూడా ఆమెకి దాచకుండా చెప్పాం.

రెండోది, అతనికి వేరే కౌన్సెలర్. ఇచ్చేవాళ్ళ మేలు, పుచ్చుకునేవాళ్ళ మేలు ఒకే మనిషి చూడకూడదు, మనకి తెలియకుండానే ఒక పక్కకి ఒరిగిపోతాం. ఆ సహోద్యోగి అతనికి మొదటి రోజే చెప్పిన సంగతి: ఎప్పుడు వద్దనుకున్నా వెనక్కి వెళ్ళచ్చు, కారణం ఎవరికీ చెప్పం, "దాతగా సరిపోలేదు" అని మాత్రమే బయటికి వెళ్తుంది. చాలామంది దాతలకి ఈ వెసులుబాటు ఉంటుందని తెలియదు. అతను కోపం తెచ్చుకున్నాడట, నేను వెనక్కి వెళ్ళేవాణ్ణా అని. రెండు మూడు సార్లు కూర్చున్నాక అతను చెప్పింది అతని అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను: "తను బతకాలనే ఇస్తానన్నాను. కానీ ఇంకోటి కూడా ఉంది. ఇస్తే ఇంక నన్ను కాదనలేదు కదా." ఇంత నిజాయితీగా తన లోపల తాను చూసుకున్న దాతని ఆ సహోద్యోగి ఎక్కువమందిని చూడలేదన్నారు. నోరు తెరిచి ప్రేమిస్తున్నానని చెప్పడానికి భయపడి, కిడ్నీని ముందు పంపించాడు.

మూడోది, పనులు మార్చడం. దించడం, తీసుకెళ్ళడం అన్నయ్యకి. చెల్లికి ఇవ్వలేకపోయానని కుమిలిపోతున్న మనిషికి అది మందులా పనిచేసింది. నీళ్ళ లెక్క ఆమె సొంతం, ఎవరూ అడగకూడదు. అతను యూనిట్‌కి రావాలంటే ఒకే షరతు, అటెండర్‌గా రాకూడదు. మరి ఎందుకు రావాలి అని అడిగాడు. మోడల్ పేపర్లు ఎక్కడిదాకా వచ్చాయి అని అడిగాను. ఆమెకి జబ్బు చేసినప్పటినుంచీ ఆ పని ఆగిపోయింది, అతనే ఆపేశాడు, ఆమెని శ్రమ పెట్టకూడదని.

నాలుగు గంటలు పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూసే బదులు ఆ టైమ్‌లో పేపర్లు రాయడం మొదలైంది. ఎడమ చెయ్యి సూదులతో కదలకూడదు, కుడి చేత్తో అట్ట మీద కాగితం పెట్టుకుని రాసేది, కాగితం జారితే అతను పట్టుకునేవాడు. ఒకరోజు యూనిట్లో అరుపులు వినిపించి వెళ్ళాను. గొడవ ఏమిటంటే, ప్రక్షేపకం గరిష్ఠ ఎత్తు, వ్యాప్తి సమానమైతే ప్రక్షేపక కోణం ఎంత అని అతనొక ప్రశ్న పెట్టాడు. ఆప్షన్లలో టాన్ ఇన్వర్స్ 4 ఉంది, 76 డిగ్రీలు కూడా ఉంది. టాన్ ఇన్వర్స్ 4 అంటే దాదాపు 76 డిగ్రీలే కదా, రెండు జవాబులూ కరెక్టే, ప్రశ్న కొట్టెయ్ అని ఆమె. 76 అనేది ఉజ్జాయింపు, ఖచ్చితమైంది ఒక్కటే అని అతను. "పరీక్ష హాల్లో పిల్లాడు నీ ఉజ్జాయింపు చూసుకుంటూ కూర్చుంటాడా, ఒరేయ్, నువ్వెప్పుడూ ఇంతే, పిల్లల సంగతి నీకక్కర్లేదు" అని ఆమె చెయ్యి విసిరేసరికి మెషీన్ అలారం మోగింది, టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చాడు. నేను ఆ రోజు కేసు షీట్లో రాసుకున్నది ఒక్క వాక్యం: గొడవపడ్డారు.

బరువు మూడు కిలోల లోపుకి వచ్చింది. సెషన్లు ఒక్కటీ తప్పలేదు. ఎవరూ ఏమీ చెప్పకుండానే.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఆమె అతన్ని అడిగింది. ఈ సంభాషణ ఇద్దరూ విడివిడిగా చెప్పారు, తేడా లేదు. "నాకు కిడ్నీ అక్కర్లేదనుకో. జబ్బే లేదనుకో. నన్ను పెళ్ళి చేసుకోమని అడిగేవాడివా?"

"అడిగేవాణ్ణి కాదు" అన్నాడు అతను. "ధైర్యం చాలేది కాదు. ఇంకో పదేళ్ళు పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేవాణ్ణి."

తప్పకుండా అడిగేవాణ్ణి అని ఉంటే ఆమె నమ్మేది కాదు, నాతో ఆ మాటే చెప్పింది. జబ్బు వల్ల జాలి పుట్టిందా, ప్రేమ పుట్టిందా అన్నది ఆమెని తినేస్తున్న ప్రశ్న. అతని జవాబుతో తేలింది ఏమిటంటే, ఉన్నది ఎప్పటినుంచో ఉంది, వాయిదా వేసుకునే తీరిక మాత్రమే జబ్బు లాగేసుకుంది. ఆమె వైపు నుంచి కూడా అంతేనని ఆ రోజే ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది: పెళ్ళికి సరే, కిడ్నీకి ఇప్పుడు కాదు. పెళ్ళయి సంవత్సరం గడిచాక అప్పటికీ ఇద్దరికీ ఇష్టమైతే చూద్దాం. షరతు పెట్టగలిగిందంటే ఆమె చేతికి మళ్ళీ ఏదో వచ్చిందన్నమాట.

పెళ్ళికి ముందు మాట్లాడాల్సినవి

అతని ఇంట్లో రెండు అభ్యంతరాలు, జబ్బు, కులం. కులం గురించి అరిచారు, జబ్బు గురించి ఏడ్చారు. చివరికి తల్లి వచ్చింది, తండ్రి రాలేదు. ఇందులో మా పాత్ర తక్కువ కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

మా పాత్ర ఉన్నది ఇంకోచోట. డయాలసిస్ మీద ఉన్న స్త్రీకి దాంపత్యం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు, ఆమె ఎవరినీ అడగలేదు. నోట్లో చేదు, ఒంటి రంగు నల్లబడటం, చర్మం దురద, సెషన్ అయిన రోజు లేవలేని నీరసం, ఫిస్టులా దగ్గర తాడులా ఉబ్బిన నరం, కోరిక తగ్గిపోవడం, నెలసరి గాడి తప్పడం. ఇవన్నీ ఆమెతో ఒకసారి, ఇద్దరితో ఒకసారి మొహమాటం లేకుండా మాట్లాడాను. డయాలసిస్‌లో ఉండగా గర్భం రావడం అరుదే అయినా వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం ఎక్కువ, అందుకని గైనకాలజిస్ట్ దగ్గరికి పంపి జాగ్రత్తలు ముందే తీసుకున్నాం. ఈ సంభాషణకి మనం సిగ్గుపడితే, ఆ ఇబ్బందంతా మొదటి రాత్రి వాళ్ళ గదిలోకి వెళ్తుంది.

పంతులుగారు పెట్టిన ముహూర్తం డయాలసిస్ రోజు పడింది. ఒకరోజు ముందుకి జరిపాం, మళ్ళీ పెళ్ళి మర్నాడు షిఫ్టు. పెళ్ళికూతురికి కంకణం ఎడమ చేతికే కడతారు, ఫిస్టులా ఉన్నదీ ఆ చేతికే. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదు, బీపీ పట్టీ కూడా చుట్టకూడదు, రక్తం ఆగి గడ్డకడితే ఫిస్టులా పోతుంది. టెక్నీషియన్ స్వయంగా వెళ్ళి పంతులుగారికి చెప్పాడు, కంకణం కుడి చేతికి కట్టారు, గాజులు కూడా ఆ చేతికే, గలగలమని నిండుగా. వాళ్ళత్త మాత్రం ఒక చేతికి గాజుల్లేకపోవడమేమిటని నొచ్చుకుంది, తర్వాత ఆమే వచ్చి కోడలి ఎడమ చేతి మీద వేళ్ళు పెట్టి నరం జుమ్మనడం (ఫిస్టులా పనిచేస్తోందనడానికి గుర్తు) చూసి వెళ్ళింది.

ఆపైన జరిగింది

ఏడాది దాటాక ఆమే కిడ్నీ మాట ఎత్తింది. ఇప్పుడు తీసుకోగలను అంది. దాత పరీక్షలు మొదలయ్యాయి, వేరే కౌన్సెలర్‌తోనే. బ్లడ్ గ్రూప్ కుదిరింది. యూరిన్ పరీక్షలో ప్రొటీన్ పోతున్నట్టు వచ్చింది, కిడ్నీ దెబ్బతింటోందనడానికి అదొక గుర్తు, మళ్ళీ చేయించినా అదే. అతనూ ఉద్దానం వాడే. క్రియాటినిన్ ఇంకా నార్మల్‌గానే ఉంది, కానీ ఇలాంటి మనిషి దగ్గర ఒక కిడ్నీ తీసుకోవడం కుదరదని డాక్టర్లు తేల్చేశారు.

ఆ రోజు ఇద్దరినీ చూసినప్పుడు నా మనసులో తిరిగింది ఒక్కటే, కిడ్నీ కోసమే పెళ్ళి చేసుకుని ఉంటే ఈ సాయంత్రం వీళ్ళకి ఏం మిగిలేది? అతను గోడకానుకుని నిలబడిపోయాడు. ఇవ్వలేకపోయానన్న బాధే తప్ప తన జబ్బు సంగతి ఇంకా అతని బుర్రకి ఎక్కలేదు. ఆమెకి ఎక్కింది. ఫైలు తీసుకుని డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళింది, ఏ మందు, ఎంత ఉప్పు, ఎన్నాళ్ళకోసారి పరీక్ష, నొప్పి మాత్రలు వేసుకోవచ్చా, అన్నీ రాసుకుంది.

ఇలాంటి కేసులు చూసేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంత ఉంది. మాట వినని పేషెంట్ అన్నప్పుడు ఎవరి మాట వినడం లేదో, ఎప్పటినుంచో తేదీలతో సహా చూడండి, ఆమె బరువు చార్టులో ఆ పెళ్ళి మాట జరిగిన వారం స్పష్టంగా కనిపిస్తుంది. దాత, గ్రహీత దగ్గరివాళ్ళయితే ఇద్దరికీ ఒకే కౌన్సెలర్ వద్దు, చిన్న యూనిట్లలో మనుషులు లేరంటారు, పక్క విభాగం నుంచైనా ఒకరిని అడగండి. సేవ చేసే మనిషిని మెచ్చుకుంటూ ఆ సేవ ఇంకా పెంచకండి, సేవ ఎక్కువైనచోట స్నేహం ఊపిరాడక చస్తుంది, ఏ పని ఇంకొకరికి ఇవ్వచ్చో చూడండి. జబ్బు మనిషి చేయగలిగిన పని ఒకటి వెతికి, అది ఎదుటివాళ్ళకి నిజంగా అవసరమయ్యేలా చూడండి, కాలక్షేపానికి ఇచ్చిన పని అని వాళ్ళు ఇట్టే కనిపెడతారు. స్నేహితుడు కూడా చట్టబద్ధంగా ఇవ్వచ్చన్న సంగతి మొదట్లోనే చెప్పండి, లేకపోతే పెళ్ళి ఒక పర్మిట్ కాగితంలా మారిపోతుంది. అన్నిటికంటే ముందు, సెషన్ మానేసినవాళ్ళని చనిపోవాలనిపిస్తోందా అని అడగండి, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఇప్పుడు ఆమె వారానికి మూడుసార్లు వస్తూనే ఉంది, హిమోగ్లోబిన్ 10 దగ్గర నిలబడింది, జీవన్‌దాన్ లిస్టులో పేరుంది. అతను బీపీకీ, ప్రొటీన్‌కీ మాత్ర వేసుకుంటున్నాడు, మూడు నెలలకోసారి పరీక్ష, తేదీ ఆమే గుర్తుపెట్టుకుంటుంది. తాను గుక్కెడు నీళ్ళు లెక్కపెట్టుకుని తాగే మనిషి, అతని బాటిల్ ఖాళీ కాకపోతే క్లాసు మధ్యలో ఫోన్ చేసి తిడుతుంది. పిల్లల గురించి ఈమధ్య అడిగారు. మార్పిడి జరిగితే కనీసం ఏడాది ఆగాలి, కిడ్నీ నిలకడగా ఉండాలి, మందుల్లో కొన్ని గర్భానికి పనికిరావు కాబట్టి ముందే మార్చాలి, జరగకపోతే దత్తత సంగతి ఆలోచించచ్చు అని చెప్పాను. ఆలోచించుకుని వస్తామన్నారు. వచ్చే నెల అపాయింట్‌మెంట్ ఇద్దరికీ కలిపే ఇచ్చాను.